రాజుపాలెం గాలికి లెక్క కడితే

పత్తికట్టె మండే తీరే వేరు. ఒక్క అగ్గిపుల్లకి భగ్గున లేస్తుంది, బిందెలో నీళ్లు గోరువెచ్చన కాకముందే చప్పున పడిపోతుంది. అందుకని పొయ్యి ముందు కూర్చున్న మనిషికి లేచే వీలుండదు. గుప్పెడు గుప్పెడు విరవాలి, లోపలికి ఎగదోయాలి, ఆరిపోబోతుంటే వంగి గొట్టంతో ఊదాలి. జనవరి ఉదయం, ఇంకా మంచు తెరలు విడవని వేళ, పల్నాటి రాజుపాలెంలో ఒక ఇంటి పెరట్లో ఓ పెద్దమ్మ ఆ పని చేస్తుంటే నులకమంచం మీద కూర్చుని చూస్తున్నాను. పొగ పైకి పోవడం లేదు. చలికాలం తెల్లవారుజామున నేలకి దగ్గరి గాలి చల్లగా, బరువుగా ఉంటుంది. పైనున్న వెచ్చటి పొర దాన్ని మూతేసినట్టు ఆపేస్తుంది. పొగ చూరు ఎత్తున అడ్డంగా పరుచుకుని, ప్రహరీ దాటి పక్కింటి పెరట్లోకి వెళ్తోంది. అక్కడా ఒక పొయ్యి రాజుకుంటోంది.

"గ్యాసు లేదా పెద్దమ్మా?"

"లేకేం నాయనా, లోపల ఉంది. టీకీ, కూరకీ అదే. నీళ్లకి కూడా గ్యాసేనా? కట్టె చేలో ఊరికే పడుందిగా."

ఈ పొగ ఆగిపోతే రాజుపాలెం మండలంలో ఏటా ఎందరు అదనంగా బతుకుతారో లెక్క కట్టే సాఫ్ట్‌వేర్ ఉందని, ఆ పని మీదే వచ్చానని చెప్పాను. ఆమె ఊదుతున్న గొట్టం ఆపి నవ్వింది. "పోయినోళ్ల లెక్క కరణం రాసేవాడు. బతికినోళ్ల లెక్క కూడా రాస్తున్నారా ఇప్పుడు?"

ఆమె సరదాకే అన్నా, ఈ సాఫ్ట్‌వేర్‌లు చేసే పని అచ్చంగా అదే. జబ్బు పడాల్సినవాళ్లు జబ్బు పడకపోవడం, పోవాల్సినవాళ్లు పోకపోవడం, అంటే జరగనిదాన్ని లెక్కించడం. ఈ రకంలో అందరికీ తెలిసిన పేరు బెన్‌మ్యాప్. అమెరికా పర్యావరణ పరిరక్షణ సంస్థ ఈపీఏ 2003లో తయారుచేసుకుంది, తర్వాత దాని కోడ్‌ని ఎవరైనా వాడుకునేలా తెరిచిపెట్టింది. ప్రపంచ ఆరోగ్య సంస్థ యూరప్ కార్యాలయానిది ఎయిర్‌క్యూ ప్లస్. ఇవికాక తెలుగు ఇంటిపేర్లున్న ఇద్దరి చేతుల మీదుగా వచ్చినవి మరో రెండున్నాయి. వాటి దగ్గరికి తర్వాత వద్దాం.

ఉక్కు ఫ్యాక్టరీ మూతపడిన ఏడాది

గాలి బాగుపడితే మనుషులు బాగుపడతారని ఎవరికి తెలియదు? ఎంత బాగుపడితే ఎందరు అన్నదే చిక్కు. దీనికి మొదటి గట్టి జవాబుల్లో ఒకటి అమెరికాలో యూటా రాష్ట్రంలోని ఒక లోయ నుంచి వచ్చింది. అక్కడి జెనీవా స్టీల్ ఫ్యాక్టరీ యాజమాన్యానికీ కార్మికులకూ మధ్య తగువు వచ్చి 1986 ఆగస్టులో మూతపడింది. 1987 సెప్టెంబరులో మళ్లీ తెరుచుకుంది. బ్రిగమ్ యంగ్ విశ్వవిద్యాలయంలో అర్థశాస్త్రం చెప్పే ఆర్డెన్ పోప్ మూతకి ముందూ వెనకా కలిపి మూడు చలికాలాల ఆసుపత్రి రికార్డులు పక్కపక్కన పెట్టి చూశాడు. ఫ్యాక్టరీ నడిచిన చలికాలాల్లో ఊపిరితిత్తుల జబ్బులతో చేరిన పిల్లలు, అది మూతపడిన చలికాలంతో పోలిస్తే రెండు మూడు రెట్లున్నారు. వైద్యులెవరూ తలపెట్టని పరిశోధన ఒక సమ్మె వంటి గొడవ వల్ల తనంతట తానే జరిగిపోయింది.

1993లో హార్వర్డ్ వాళ్ల ఆరు నగరాల అధ్యయనం వచ్చింది. 8,111 మంది పెద్దవాళ్లని 14 నుంచి 16 ఏళ్లపాటు గమనించారు. సిగరెట్లు, బరువు, చదువు వంటి తేడాలన్నీ సర్దుబాటు చేశాక కూడా, గాలి బాగా చెడిన స్టూబెన్‌విల్‌లో మరణాల రేటు, శుభ్రమైన పోర్టేజ్ కంటే 26 శాతం ఎక్కువని తేలింది. ఇలాంటి అధ్యయనాలన్నీ కలిపి వండిన ఒక్క అంకె ఈ సాఫ్ట్‌వేర్‌ల కడుపులో ఉంటుంది. గాలిలో పీఎం 2.5 అనే సన్న నలుసులు ఘనపు మీటరుకి 10 మైక్రోగ్రాములు పెరిగితే మరణాలు ఎన్నోవంతు పెరుగుతాయన్నదే ఆ అంకె. పీఎం 2.5 అంటే వెంట్రుక మందంలో ఇరవయ్యో వంతో, పాతికో వంతో ఉండే కణం. ముక్కు వెంట్రుకలకు దొరకదు, గొంతులో కళ్లెకు అంటదు, నేరుగా ఊపిరితిత్తుల అడుక్కి దిగిపోతుంది.

ఎయిర్‌క్యూ ప్లస్‌లో చాలాకాలం ముందుగా నింపి పెట్టిన అంకె 1.062. దాన్ని పట్టుకుని కొండమోడు అడ్డరోడ్డులో టీ బంకు బల్ల మీద, సిగరెట్ పెట్టె వెనక, నేనే లెక్క వేశాను. కంప్యూటర్ అక్కర్లేదు. సులువు కోసం ముప్పై దాటినవాళ్లు 10,000 మంది ఉన్న నాలుగైదు ఊళ్లు అనుకుందాం. వాళ్లలో ఏటా నూటికి ఒకరు పోతారనుకుంటే 100 మరణాలు. గాలిలో పీఎం 2.5 పది మైక్రోగ్రాములు తగ్గించాం. ఇప్పుడు 100ని 1.062తో భాగించాలి. 94 పైచిలుకు వస్తుంది. దాదాపు ఆరుగురు మిగిలారు. ఆ 1.062 కూడా రాతి మీద గీత కాదు. తక్కువలో తక్కువ 1.04, ఎక్కువలో ఎక్కువ 1.083 ఉండొచ్చని దాన్ని లెక్కగట్టినవాళ్లే పక్కన రాశారు. అప్పుడు జవాబు నలుగురి దగ్గర్నుంచి ఎనిమిదిమంది దాకా జరుగుతుంది.

బెన్‌మ్యాప్ చేసేదీ మౌలికంగా ఇంతే. కాకపోతే దేశాన్ని గళ్లు గళ్లుగా కోసి, ప్రతి గడిలో జనాభా, వయసు, గాలి, మరణాల రేటు విడివిడిగా పెట్టి, ఆస్తమా దగ్గర్నుంచి గుండెపోటు దాకా ఒక్కొక్క జబ్బుకీ ఈ భాగహారం లక్షసార్లు చేస్తుంది. చివర్లో అదంతా డాలర్లలోకి మారుస్తుంది. అమెరికా స్వచ్ఛ వాయు చట్టం సవరణల మీద 2011లో ఈపీఏ ఇచ్చిన నివేదికకి వెన్నెముక ఈ లెక్కే. 2020 నాటికి ఒక్క ఏడాదిలో 2,30,000 అకాల మరణాలు తప్పుతాయని, 6,500 కోట్ల డాలర్ల ఖర్చుకి దాదాపు రెండు లక్షల కోట్ల డాలర్ల లాభమని అది చెప్పింది. ఒక రూపాయి పెడితే ముప్పై రూపాయలన్నమాట. అక్కడ పొగగొట్టాల యజమానులు ఏళ్ల తరబడి ఈ లెక్కతోనే కుస్తీ పట్టారు.

హైదరాబాద్‌లో ముందే నడిచింది

మన దగ్గరికి ఈ విద్య వచ్చి ఇరవై ఏళ్లు దాటింది. 2000 దాటిన తొలి ఏళ్లలో ఈపీఏ సాయంతో హైదరాబాద్ మీద ఒక అధ్యయనం నడిచింది. గచ్చిబౌలిలోని ఎప్‌ట్రీ, అంటే పర్యావరణ శిక్షణ పరిశోధన సంస్థ, దాన్ని చేపట్టింది. 2001ని మొదటి ఏడాదిగా పెట్టుకుని 2011లో, 2021లో నగరం గాలి ఎలా ఉంటుందో, బస్సులు పెంచితే, ఫ్యాక్టరీల్లో ఇంధనం మారిస్తే ఏం మిగులుతుందో లెక్కేశారు. ఆరోగ్యం పద్దు హైదరాబాద్‌లోని ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ హెల్త్ సిస్టమ్స్ చూసింది. వాడిన మోడల్ పేరు అఫేబా. చిలీ దేశంలో లూయీస్ సిఫ్యుయెంటెస్ అనే ఆచార్యుడు శాంటియాగో పొగతో వేగుతూ తయారుచేసుకున్నది. చిలీ లెక్క చార్మినార్ దాకా నడిచొచ్చింది.

ఆ సంస్థకే ఈ పని అప్పగించడం వెనక కారణం ఉంది. ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో ఎవరు ఏ జబ్బుతో పోతున్నారో, దాంతో ఎన్నేళ్ల ఆరోగ్యం నష్టపోతున్నామో లెక్కకట్టే రోగభారం అధ్యయనం అప్పటికే డాక్టర్ ప్రశాంత మహాపాత్ర నాయకత్వంలో అక్కడ జరిగింది. ఎందరు ఎందుకు పోతున్నారో తెలియకుండా ఎందరు మిగులుతారో చెప్పలేం కదా.

తర్వాత వచ్చినవాడు శరత్ గుత్తికుండ. ఇంటిపేరు వినగానే పల్నాటివాడికి పిడుగురాళ్ల పక్కనున్న గుత్తికొండ బిలం గుర్తొస్తుంది. ఐఐటీ ఖరగ్‌పూర్‌లో చదివి, అమెరికాలో డాక్టరేట్ చేసి, అర్బన్ ఎమిషన్స్ అనే బృందాన్ని 2007లో మొదలుపెట్టాడు. ఆయన తయారుచేసిన సిమ్-ఎయిర్ నాకు నచ్చడానికి ఒకే కారణం: అది మామూలు ఎక్సెల్ షీట్ల కట్ట. మునిసిపల్ ఆఫీసు గుమస్తా దగ్గరున్న కంప్యూటర్‌లో కూడా తెరుచుకుంటుంది. ఎన్ని లారీలు, ఎన్ని ఇటుక బట్టీలు, ఎన్ని జనరేటర్లు, ఎంత చెత్త తగలబడుతోంది అని వరుసగా నింపుతూ పోతే కింద పొగ లెక్క, దాని కింద ప్రాణాల లెక్క వస్తాయి. ఆయన, రమణి కొప్పాక కలిసి హైదరాబాద్‌కి ఆ లెక్క కట్టారు. 2010-11లో గాలి కాలుష్యం వల్ల నగర పరిధిలో 3,700 అకాల మరణాలు, 2,80,000 ఆస్తమా దాడులు అని తేలింది. ఆ అంకె పత్రికల్లో వచ్చింది, కాసేపు అందరూ ఉలిక్కిపడ్డారు, తర్వాత మెట్రో స్తంభాల తవ్వకాల దుమ్ములో కలిసిపోయింది.

మరి పల్లెలకి? ఇక్కడ తెలంగాణ మనకంటే ఒక మెట్టు పైన ఉంది. హైదరాబాద్ శివార్లలోని పల్లెల్లో 1987-90 మధ్య గర్భిణులకి, పసిపిల్లలకి పోషకాహారం ఇచ్చి చూసిన ఒక ప్రయోగం జరిగింది. ఆ పిల్లలు పెద్దయ్యాక వాళ్లనీ, వాళ్ల తల్లిదండ్రుల్నీ గమనిస్తూ అప్‌కాప్స్ అనే అధ్యయనం నడుస్తోంది. జాతీయ పోషకాహార సంస్థ అందులో ఉంది. దాని మీద బార్సిలోనాకి చెందిన కేథరిన్ టోన్ బృందం గాలి లెక్క అల్లింది. 28 ఊళ్లు. ఊరి గాలిలో పీఎం 2.5 ఏడాది సగటు 33 మైక్రోగ్రాముల దగ్గర. కొందరి ఒంటికి చిన్న యంత్రం, చిన్న కెమెరా తగిలించి, రోజంతా ఎక్కడ తిరిగారో, ఏ పొయ్యి దగ్గర ఎంతసేపు కూర్చున్నారో చూశారు. గాలి చెడినకొద్దీ మెడలో మెదడుకి రక్తం తీసుకెళ్లే ధమని గోడ దళసరి అవుతోందని, మగవాళ్లలో అది స్పష్టంగా ఉందని తేలింది. వంటకి కట్టెలు వాడే ఇళ్లలోనూ అలాంటి సూచనే కనిపించింది. మరో పత్రంలో, గాలి ఎక్కువ చెడిన ఊళ్లలో ఎముకల సాంద్రత తక్కువని చూపారు.

33 మైక్రోగ్రాములంటే మన జాతీయ ప్రమాణానికి లోపలే. మన దేశం 2009లో పెట్టుకున్న హద్దు ఏడాది సగటు 40. ప్రపంచ ఆరోగ్య సంస్థ 2021లో చెప్పింది 5. ఆ 28 ఊళ్లు మన చట్టం ప్రకారం మంచిగాలి పీలుస్తూనే ధమనులు దళసరి చేసుకుంటున్నాయి.

తెల్లదుమ్ము, నల్లపొగ

ఇక రాజుపాలెం గడి తెరుద్దాం. మొదటి గడిలోనే ఆగిపోతాం. గాలిలో ఎంతుంది?

పొగగొట్టం మీద కొలత ఉంటుంది. పెద్ద సిమెంటు ఫ్యాక్టరీలు చిమ్నీలకి నిరంతర యంత్రాలు పెట్టాలని కేంద్ర కాలుష్య నియంత్రణ మండలి 2014లోనే ఆదేశించింది. ఊరి గాలిని కొలిచే నిరంతర కేంద్రానికి మాత్రం అమరావతి సచివాలయం దాకా చూపు సారించాలి. 2019లో మొదలైన జాతీయ స్వచ్ఛ వాయు కార్యక్రమం నగరాలది. ఆ జాబితాలో గుంటూరు ఉంది. పల్లెకి అందులో వరుసే లేదు. కొలత లేని గడి ఎదురైతే బెన్‌మ్యాప్ ఒక పని చేస్తుంది. చుట్టూ ఉన్న కేంద్రాల అంకెలు తీసుకుని, దగ్గరివాటికి ఎక్కువ బరువిచ్చి, సగటు కట్టి ఆ గడిలో పెడుతుంది. పొరుగింట్లో పప్పు వాసన చూసి మనింట్లో ఏం వండారో చెప్పడం లాంటిది. సచివాలయం తోటల గాలిని సున్నపు బట్టీల సీమకి అతికిస్తే వచ్చే అంకెని నేను నమ్మను. ఉపగ్రహాల ఫొటోల్లో మసకని బట్టి ఒక కిలోమీటరు గళ్లలో పీఎం 2.5 అంచనా కట్టేవాళ్లున్నారు. ఐఐటీ ఢిల్లీలో సాగ్నిక్ డే బృందం చేసింది అదే. పల్లెకి ఇప్పటికి అదే కాస్త నయం.

కొండమోడు దాటి పిడుగురాళ్ల వైపు బండి మీద వెళ్తే చెట్లే చెబుతాయి. వేపాకు పైభాగం బూడిద తెలుపు, కింద పచ్చ. చెయ్యి తగిలిస్తే వేలికి ముగ్గు అంటినట్టు అంటుతుంది. ఈ నేలకింద నర్జీ సున్నపురాయి పరుచుకుని ఉంది. దాని మీదే మాచర్లలో కేసీపీ సిమెంటు ఫ్యాక్టరీ 1958లో లేచింది, దాని మీదే పిడుగురాళ్ల సున్నం దేశమంతా వెళ్తోంది. బట్టీలో రాతిముక్కలు ఒక పొర, బొగ్గు ఒక పొర, మళ్లీ రాయి, మళ్లీ బొగ్గు. వేడి 900 డిగ్రీల దరికి చేరితే రాయి లోపల బిగుసుకుని ఉన్న బొగ్గుపులుసు వాయువు విడిపోతుంది. నూరు కిలోల స్వచ్ఛమైన సున్నపురాయి కాలిస్తే 56 కిలోల సున్నం మిగులుతుంది, తక్కిన 44 కిలోలు కంటికి కనపడకుండా గాలిలో కలుస్తాయి. పక్కనే ముగ్గు మిల్లులు. అక్కడ పనిచేసి వచ్చిన మనిషికి కనుబొమ్మలు ఒక్క పూటలో నెరుస్తాయి.

ఊళ్లో ఎవర్ని అడిగినా కాలుష్యం అంటే ఆ తెల్లదుమ్మే చూపిస్తారు. నాకూ అదే అనిపించేది. కానీ సాఫ్ట్‌వేర్ ఆ దుమ్ముని పెద్దగా పట్టించుకోదు. రాయి నలిగితే వచ్చేది మోటు కణం, చాలావరకు బరువుకి దగ్గర్లోనే రాలుతుంది, ముక్కులోనే ఆగుతుంది. మిల్లు లోపల ఎనిమిది గంటలు పీల్చే కార్మికుడి ఊపిరితిత్తులకి అది ప్రాణాంతకమే కావొచ్చు. కానీ అది వృత్తి వ్యాధుల పద్దు, ఈ లెక్కల్లోకి రాదు. సాఫ్ట్‌వేర్ వెతికేది బట్టీలో మండిన బొగ్గు పొగ, లారీల డీజిల్ పొగ, వేసవి మొదట్లో చేలల్లో తగలబెట్టే పత్తి మోళ్ల పొగ. వేపాకు మీద కనపడనిది. మిరప కల్లాల దగ్గర మనల్ని నిలువునా తుమ్మించే ఘాటుకైతే దాంట్లో చోటే లేదు.

దీంట్లో ఒక లోటు కూడా ఉంది. బొగ్గు నలుసైనా, మట్టి నలుసైనా, పొయ్యి నలుసైనా పీఎం 2.5 అయితే చాలు, అన్నింటికీ ఒకే శిక్ష వేస్తుంది ఈ లెక్క. బరువొక్కటే చూస్తుంది, కులగోత్రాలు అడగదు. అది నిజంగా సబబో కాదో శాస్త్రవేత్తలు ఇంకా వాదించుకుంటూనే ఉన్నారు.

రెండో అంకె జనాభా, జనగణన ఇస్తుంది. మూడోది మరణాల రేటు. మన దేశంలో 2020లో నమోదైన మరణాల్లో, కారణం ఇదీ అని వైద్యుడు ధ్రువీకరించినవి నూటికి ఇరవై రెండు, ఇరవై మూడు మాత్రమే. పల్లెలో ముసలాయన పోతే "పెద్దవాడైపోయాడు" అంటాం, "దగ్గూ ఆయాసంతో" అంటాం. పంచాయతీ పుస్తకంలో కారణం గడి ఖాళీగానో, "సహజ మరణం" అనో ఉంటుంది. ఆ గడిని సాఫ్ట్‌వేర్ జాతీయ సగటుతో నింపుకుంటుంది. నాలుగోది అమెరికా, యూరప్ నగరాల్లో పుట్టిన 1.062. ఇలా నాలుగు వేళ్లలో మూడు పరాయివి పెట్టుకుని రాజుపాలెం ఊపిరి లెక్క కడుతున్నాం.

అయినా కట్టకుండా వదిలేయడం మేలని నేను అనను. లెక్కలోకి రానిదానికి మన దేశంలో బడ్జెట్ రాదు. 2019లో దేశంలో 16.7 లక్షల మరణాలకి గాలి కాలుష్యం కారణమని లాన్సెట్ ప్లానెటరీ హెల్త్‌లో అంకె అచ్చయ్యాకే, అది స్థూల దేశీయోత్పత్తిలో 1.36 శాతం నష్టమని డబ్బుల్లో చెప్పాకే, ఢిల్లీలో చర్చ కాస్త వేడెక్కింది.

డల్లాస్ ప్రాణం, పల్నాడు ప్రాణం

డబ్బుల మాట వచ్చింది కాబట్టి దాని సంగతీ చెప్పాలి. ఈపీఏ ఒక ప్రాణానికి 2006 నాటి డాలర్లలో 74 లక్షలు కడుతూ వచ్చింది. ఇది ఏ ఒక్కరి ధరా కాదు. లక్షమందికి తలా లక్షలో ఒకవంతు చావు ముప్పు తగ్గించడానికి ఒక్కొక్కరు 74 డాలర్లు ఇవ్వడానికి ఒప్పుకున్నారనుకోండి, ఆ మొత్తం 74 లక్షలు, తప్పిన చావు ఒకటి. అదీ దాని పుట్టుక. చిక్కంతా ఈ అంకెని మన దేశానికి మార్చేటప్పుడు. మన ఆదాయం తక్కువ, ఇవ్వగలిగింది తక్కువ, కాబట్టి ప్రాణం అంకె కూడా తగ్గించి రాస్తారు. ఈ పద్ధతిలో నరసరావుపేట కుర్రాడు డల్లాస్‌లో ఉద్యోగంలో చేరిన రోజు నుంచి అతని ప్రాణం విలువ ఎన్నోరెట్లు పెరుగుతుంది. పెరట్లో నీళ్లు కాచుకునే వాళ్లమ్మది మాత్రం ఉన్నచోటే ఉంటుంది. అర్థశాస్త్రవేత్తలు దీనికి జవాబు చెబుతారు, విన్నాను, నాకు మింగుడుపడలేదు. అందుకే మన ఊళ్లకి ప్రాణానికి ధర కట్టకుండా, ప్రాణాలూ ఆరోగ్యంగా బతికే ఏళ్లూ దగ్గర ఆపే సాఫ్ట్‌వేర్ మేలనిపిస్తుంది.

అలాంటిది ఒకటుంది, అదీ మన పెద్దమ్మ పొయ్యి కోసమే పుట్టింది. పేరు హాపిట్. బర్క్‌లీలో కిర్క్ స్మిత్, సుమి మెహతాలతో కలిసి దీన్ని తయారుచేసినవాడు అజయ్ పిల్లారిశెట్టి. మళ్లీ మన ఇంటిపేరే. కిర్క్ స్మిత్ 1981లో గుజరాత్ పల్లెల్లో ఆడవాళ్లకి యంత్రాలు తగిలించి వంటింటి పొగ కొలిచినవాడు. 2020లో చనిపోయేదాకా ఆయన ఆ పొగని వదల్లేదు. హాపిట్‌కి ఊరు గాలి కేంద్రం అక్కర్లేదు. పొయ్యి మార్చకముందు మనిషికి అంటే పొగెంత, మార్చాక ఎంత, ఎన్ని ఇళ్లు, ఎన్నేళ్లు అని అడుగుతుంది. ఇంకో ప్రశ్న కూడా: కొత్త పొయ్యి ఇచ్చినవాళ్లలో నిజంగా వాడేది ఎందరు?

అన్నిటికన్నా ముఖ్యమైంది ఆ ఆఖరి ప్రశ్నే. ఎందుకంటే పొగకీ జబ్బుకీ మధ్య గీత తిన్నగా ఉండదు. కూరలో కారం లాంటిది. మొదటి చెంచా నోరు మండిస్తుంది, పదో చెంచా పడేసరికి నాలుక మొద్దుబారి ఉంటుంది. పది చెంచాల కూరలోంచి రెండు తీసేస్తే తినేవాడికి తేడా తెలియదు. రెండు చెంచాల కూరలోంచి ఒకటి తీస్తే తెలుస్తుంది. పొగ గీత కూడా మొదట నిటారుగా లేచి పైన వాలిపోతుంది. కాబట్టి టీకి గ్యాసు, నీళ్లకి కట్టె, పండక్కి అరిసెల పాకానికి కట్టె, పశువుల దాణాకి కట్టె అంటే పొగ సగం తగ్గినా లాభం సగం రాదు. బాగా తక్కువ వస్తుంది.

సాఫ్ట్‌వేర్ మాట అలా ఉంచి నిజంగా పరీక్షిస్తే ఏమవుతుంది? తమిళనాడు, గ్వాటెమాలా, పెరూ, రువాండాల్లో 3,200 మంది గర్భిణులతో హాపిన్ అనే పెద్ద పరీక్ష జరిగింది. సగం ఇళ్లకి గ్యాసు పొయ్యి, సిలిండర్లు పద్దెనిమిది నెలలు ఉచితం. ఆ ఇళ్లలో దాదాపు అందరూ కట్టెల పొయ్యి వదిలేశారు. మనిషికి తగిలే పీఎం 2.5 కట్టెల ఇళ్లలో 71 మైక్రోగ్రాములు, గ్యాసు ఇళ్లలో 24. ఇంతకన్నా శుభ్రంగా పరీక్ష చేయలేం. బిడ్డల బరువు చూస్తే గ్యాసు ఇళ్లలో సగటు 2,921 గ్రాములు, కట్టెల ఇళ్లలో 2,898. ఆ కాస్త తేడా లెక్కకి నిలవలేదు. పసిపిల్లల న్యుమోనియా కూడా తగ్గినట్టు తేలలేదు. ఈ ఫలితం చదివిన రోజు నాకు ఏమీ తోచలేదు. పద్దెనిమిది నెలలు చాలవేమో, 24 కూడా ఎక్కువేనేమో అని నిపుణులు అంటున్నారు. పెద్దవాళ్ల గుండెకీ ఊపిరికీ ఇరవై ఏళ్లలో ఒరిగేదాన్ని పురిటి తక్కెడలో తూచలేం కూడా. ఏమైనా, హాపిట్ తెర మీద దశాంశాలతో సహా వచ్చే ఆరోగ్యవంతమైన ఏళ్లని ఆ తర్వాత నేను కాస్త దూరం నుంచే చూస్తున్నాను.

గోడ మీది పరికరం

మన రాష్ట్రానికి గ్యాసు పొయ్యి కొత్త కాదు. దీపం పథకం 1999లో మొదలైంది. 2016లో కేంద్రం ఉజ్వల తెచ్చింది. 2024 నవంబరు 1న శ్రీకాకుళం జిల్లాలో దీపం-2 ప్రారంభించారు, ఏడాదికి మూడు సిలిండర్లు ఉచితం. కనెక్షన్ ఎన్ని ఇళ్లకి ఉందో ప్రభుత్వం దగ్గర ఉంది. ఎంత వాడుతున్నారన్నది వేరే సంగతి. దేశంలో ఉజ్వల ఇళ్లు ఏడాదికి నింపించుకునే సిలిండర్లు సగటున నాలుగు దగ్గర తిరుగుతున్నాయి. ముగ్గురమున్న మా ఇంట్లో 14.2 కిలోల సిలిండర్ నెలన్నర రాదు.

నీళ్లు కాగాయి. పెద్దమ్మ బిందె దించి, లోపలికి తీసుకెళ్లింది. గ్యాసు పొయ్యి గట్టు మీద తళతళలాడుతోంది. దాని మీద గుడ్డ కప్పి ఉంది. వాడకం గడిలో ఏం నింపాలో తెలియక ఫోనులో షీటు తెరిచి నిలబడ్డాను. "సిలిండర్ ఎన్నాళ్లొస్తుంది పెద్దమ్మా?"

ఆమె తలుపు వెనక గోడకి వేలాడుతున్న క్యాలెండర్ చూపించింది. ఎరువుల కొట్టువాళ్లు ఇచ్చిన పాత ఏడాది క్యాలెండర్, ఇంకా తీసేయలేదు. బండి వచ్చిన రోజున తారీఖు చుట్టూ బాల్‌పెన్‌తో సున్నా. జనవరిలో ఒకటి, మేలో ఒకటి, సెప్టెంబరులో ఒకటి, డిసెంబరులో ఒకటి. నాలుగు సున్నాలు. అమరావతి దాకా వెతికిన కొలత పరికరం ఇక్కడ మేకుకి వేలాడుతోంది. మనుషులు నలుగురు, నాలుగు సిలిండర్లు, అంటే సగం వంట గ్యాసు మీద అనుకుందాం అని గడిలో 0.5 కొట్టాను.

ఆమె పక్కనుంచి తొంగి చూసి, మే నెల సున్నా మీద వేలు పెట్టింది.

"ఇది లెక్కలో రాయకు నాయనా. చిన్నాడి పెళ్లికి పోయింది. వంటోళ్లు పట్టుకుపోయారు."

0.5 చెరిపేశాను.